ఒకటే సరుకు

ఆ ఉదయం భార్యతో బేరానికి దిగేటప్పటికి గణపతిరావు చేతిలో ఉన్నవి ఇవి: రాయపూర్ కేన్సరు ఆసుపత్రిలో ఆమె పేరు మీద ఖాళీగా ఉంచిన ఒక మంచం, సందు మొగలో నిలబెట్టి ఉన్న బావమరిది కారు, ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఒక్కసారీ కాదనని తన మాట. మంచం సాయంత్రం దాకా ఆగుతుంది. కారు ఎంతసేపైనా ఆగుతుంది. మూడోదాన్ని గురించి అతనికి బెంగే లేదు.

ముందు పోయింది అదే.

ఇంటి పక్క సందులో కూతురు ఛాయ మొక్కలు పీకేస్తోంది. గోడ పొడుగునా పాత పెయింటు డబ్బాల్లో వరసగా బిళ్ళగన్నేరు, కొమ్మకొమ్మకీ గులాబి పూలు. తండ్రి స్వయంగా నాటిన మొక్కలు. ఒక్కొక్కదాన్నీ వేళ్ళతో సహా లాగి, మట్టి కూడా దులపకుండా సందు చివరి చెత్తకుప్ప మీదికి విసురుతోంది.

"పీకకే! పీకొద్దంటన్నానా!" అంటూ అరుణజ్యోతి గోడ పట్టుకుని గుమ్మం దిగింది. తలకి చుట్టుకున్న తువ్వాలు జారిపోయింది. జుట్టు రాలిపోయిన నెత్తి మీద ఎండ పడింది. తువ్వాలు సర్దుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకి లేదు. మిగిలిన డబ్బాల ముందు నేల మీద చతికిలబడింది. "ఇప్పుడు పీకు. నన్ను దాటి పీకు చూద్దాం."

"మమ్మీ, హటో."

"హటో లేదు, గిటో లేదు. తెలుగులో మాట్లాడు."

"నిన్న సింకు దగ్గర గిన్నెలతో సహా పడిపోయావ్. పిలిస్తే పలకలేదు. దుర్గ్ తీసుకెళ్ళి గ్లూకోజు ఎక్కిస్తే గానీ కళ్ళు తెరవలేదు. నీకు షుగరు జబ్బే లేదు కదా, షుగరు ఇంత కిందికి ఎలా పడిపోయిందీ అని వాళ్ళు అడుగుతుంటే పిచ్చిదానిలా నిలబడ్డాను. తులసి కషాయం అన్నావ్ నాతో! రోజూ నేను డ్యూటీకి వెళ్ళగానే ఇది కాచుకు తాగుతున్నావని నాకేం తెలుసు?" ఛాయకి కోపం పెరిగితే తెలుగు చాలదు. "ఘర్ మే జహర్ ఉబల్ రహా థా!"

"విషమేటే? ఎవర్తి తాగింది విషం? మీ నాన్న ఇచ్చిన మందు తాగేను."

ఛాయ చేతిలో మొక్క అలాగే ఉండిపోయింది. తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే గుమ్మం వైపు చూశారు.

గణపతిరావు గుమ్మంలోనే ఉన్నాడు. ఆమె మాటలో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిన్న రాయపూర్ డాక్టరమ్మ ఫోనులో గుచ్చి గుచ్చి అడిగితే, తనే ఇచ్చానని ఒప్పుకున్నాడు కూడా.  ఆవిడ వెంటనే, "రేపే తీసుకురండి. దుర్గ్ రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. ఇంకొక్క గుక్క కూడా తాగించకండి" అని గట్టిగా చెప్పింది.

"లోపలికి రా జ్యోతీ. ఎండ" అన్నాడు గణపతిరావు.

"దాన్ని ముందు చెయ్యి తియ్యమనండి."

"ఛాయా, ఒగ్గీ."

"నాన్నా!"

"ఒగ్గీమంటన్నాను కదా."

ఛాయ చేతిలోని మొక్కని కుప్ప మీదికి కొట్టి, కారు వైపు వెళ్ళిపోయింది.

ముందుగది సగం దుకాణమే. చింతపండు బుట్టలు, కరక్కాయల బస్తాలు, ఇప్పపువ్వు వాసన. షట్టరు సగానికి దించి ఉంది. జ్యోతి తమ్ముడు సూర్యప్రకాష్ బస్తా మీద కూర్చుని కారు తాళాలు వేలికి తిప్పుతున్నాడు. సెక్టర్ టూ క్వార్టరు నుంచి తెల్లవారకుండానే వచ్చాడు. ఉక్కు ప్లాంటులో షిఫ్టు మార్పించుకుని మరీ వచ్చాడు.

"అక్కా, ఎల్దామా? పొద్దెక్కితే టాటీబంధ్ కూడలిలో లారీలు దారి ఆపేస్తాయి. గంట దారి రెండు గంటలవుతాది."

"ఎక్కడికి?"

"ఎక్కడికేటి? రాయపూర్."

"నేను రాను" అంది జ్యోతి. కోపంగా కాదు. ఇవాళ కూర చెయ్యనన్నంత మామూలుగా. వెళ్ళి తన పాత చోటులో, చింతపండు బుట్ట వెనక కూర్చుంది. "ఇంక సూదులు వద్దు నాకు."

సూర్యప్రకాష్ బావ వైపు చూశాడు. "బావా, నువ్వు చెప్పు. నీ మాటైతే వింటాది."

ఈ మాట కోసమే గణపతిరావు ఎదురుచూస్తున్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలో అతనికి తెలుసు. కొనేవాడు మొండికేసినప్పుడు ధర గురించి మాట్లాడకూడదు, వాడి కష్టం గురించి మాట్లాడాలి.

"చూడు జ్యోతీ. నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు."

"తెలీదు" అంది ఆమె. "జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. ఛాయ పెడతంది. వేళ్ళు ఉన్నాయో ఊడిపోయాయో చూసుకుంటే గానీ తెలీదు. ఇదిగో, ఈ చింతపండులో పిక్క ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. ఇప్పుడు కళ్ళు తెరిచినా దొరకట్లేదు. సూది పడిన నాలుగోనాటికి నోరంతా పూత. నీళ్ళు మింగితే నిప్పు. మీకు తెలీదు."

"సూది వల్లే కదా గడ్డ తగ్గింది?"

"సూది వల్లని ఎవరు చెప్పేరు?"

ఆమె లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని తన మెడ పక్కన పెట్టుకుంది. "చూడండి. ఉందా? కోడిగుడ్డంత ఉండేది. ఉందా ఇప్పుడు?"

లేదు. అతని వేళ్ళ కింద మెత్తటి చర్మం తప్ప ఏమీ తగల్లేదు. చెయ్యి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"మొదటి సూది పడ్డాక తగ్గిందా? కొంచెం తగ్గింది. కషాయం మొదలెట్టాక మొత్తం పోయింది. మీరేటన్నారు ఆవేళ? ఇదే గదిలో, ఇదే చోట నిలబడి ఏటన్నారు?"

గణపతిరావు బావమరిది వైపు చూశాడు.

"చెప్పండి. తమ్ముడు కూడా వింటాడు."

ఏమన్నాడో అతనికి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

రాయపూర్‌లో మొదటి రోజు సూది చూసి జ్యోతి వణికిపోతుంటే, ఆ డాక్టరమ్మ ధైర్యం చెప్పడానికి తన ఫోనులో ఒక గులాబి పువ్వు బొమ్మ చూపించింది. ఈ పువ్వు తెలుసా అమ్మా, సదాబహార్ అంటాం, ఈ సూదిమందు పుట్టింది దీన్నుంచే, నీ ఇంటి ముందు పూసేదే నీ ఒంట్లోకి వెళుతోంది అంది. జ్యోతికి ధైర్యం వచ్చింది. గణపతిరావుకి అంతకంటే పెద్దదే దొరికినట్టయింది. ఆ పువ్వు బిళ్ళగన్నేరు. అతని వ్యాపారమంతా అడవి సరుకే. ఇప్పపువ్వు కావాలంటే దుర్గ్ మండీకి పోడు, అడవి పక్క సంతకి పోయి ఏరినవాళ్ళ దగ్గరే కొంటాడు. మధ్యలో ఎన్ని చేతులు తగ్గితే సరుకు అంత తాజా. ఆ సూత్రంతోనే దుకాణం నిలబడింది, ఇల్లు నిలబడింది. మరి మందు విషయంలో మాత్రం ఈ సీసాలూ, కంపెనీలూ, సూదులూ మధ్యలో ఎందుకు?

"ఒకటే సరుకు అన్నాను" అన్నాడు గణపతిరావు.

"ఆఁ. అక్కడ సీసాలో వస్తాది, ఇక్కడ ఆకులో వస్తాది, ఒకటే సరుకు అన్నారు. చేదు, నాకొద్దంటే బెల్లం ముక్క చేతిలో పెట్టి తాగించేరు. ఒకటే సరుకైతే నేను ఆ సూది ఎందుకు పొడిపించుకోవాలి? ఇది తాగుతాను. ఇంట్లో ఉంటాను."

"అక్కా, నిన్న పడిపోయింది అది తాగే కదా!" సూర్యప్రకాష్ గొంతు పెంచాడు.

"సూది పడ్డాక రెండుసార్లు పడిపోయేను బాత్రూములో. అప్పుడెవరూ సూదిని పీకి పారెయ్యలేదే?"

సూర్యప్రకాష్ తాళాలు జేబులో వేసుకున్నాడు.

జ్యోతి గొంతు తగ్గించింది. "అక్కడ మంచం మీద పడుకోబెడతారు. సంచీ వేలాడదీస్తారు. చుక్క చుక్క పడతంటే చూస్తా పడుంటాను. ఎవరో రాస్తారు, ఎవరో గుచ్చుతారు. ఇక్కడ నా చేత్తో ఆకు కోసుకుంటన్నాను. నా పొయ్యి మీద కాసుకుంటన్నాను. అది ఒక్కటే ఇప్పుడు నా చేత్తో నేను చేసుకునేది. అది కూడా పీకేస్తే ఇంకేటుంది నాకు?"

బయట ఎవరిదో స్కూటరు ఆగి, షట్టరు సగం దించి ఉండటం చూసి వెళ్ళిపోయింది.

ఈ బేరం తను ఓడిపోతున్నాడని గణపతిరావుకి తెలిసింది. కానీ ఎదురుగా ఉన్నది కొనుగోలుదారు కాదు. తను అమ్మిన సరుకునే గుండెలకి హత్తుకుని కూర్చున్న మనిషి. అమ్మడం ఎలాగో అతనికి చిన్నప్పట్నుంచీ తెలుసు. అమ్మినదాన్ని వెనక్కి తీసుకోవడం ఎప్పుడూ నేర్చుకోలేదు.

"నేను తప్పు చెప్పేను జ్యోతీ" అన్నాడు. "నిన్న డాక్టరమ్మని అడిగేను, ఎంత ఆకుకి ఎంత మందు దిగుతాదని. లారీల కొద్దీ ఆకు వడకడితే గోటి మీద పెట్టుకునేంత వస్తాదంట. ఆ గోరంతే సూదిలో ఉంటాది, కొలిచి. మిగతాదంతా వేరే సరుకు. షుగరు పడగొట్టేది ఉంది, రక్తంలో కణాలు చంపేది ఉంది. మనం ఆ మిగతాదంతా కలిపి కాచేం. పైగా అసలు మందు కడుపులోంచి ఒంటికి సరిగా పట్టనే పట్టదంట. అందుకే నరంలోకి ఎక్కిస్తారంట."

"మరి ఆవిడే కదా పువ్వు చూపించింది?"

"చూపించింది. మందు ఆ మొక్కలోదే. కానీ మొక్కంతా మందు కాదు. మీరనుకున్నది పూర్తిగా తప్పు కాదు, అందుకే అది ఇంత దూరం వచ్చింది అంది ఆవిడ నాతో."

"ఆవేళ మీరు చెప్పినప్పుడు కూడా ఇలాగే చెప్పేరు" అంది జ్యోతి. "ఇదే గొంతుతో. ఇలాగే చేతులు తిప్పుతూ. అప్పుడూ నమ్మేలాగే ఉంది. ఇప్పుడూ నమ్మేలాగే ఉంది. ఏది నిజమో నాకెలా తెలుస్తాది?"

ఆ మాటకి అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె చింతపండు బుట్ట దగ్గరకి తిరిగి వెళ్ళింది. ఒక రెబ్బ తుంచి చేతిలో తిప్పుతూ కూర్చుంది. అందులో పిక్క ఉందో లేదో ఆమె వేళ్ళకి తెలియడం లేదు. కాసేపటికి తల ఎత్తింది.

"ఒకటి అడుగుతాను. మీరు ఏ సరుకైనా ముందు మీ నోట్లో వేసుకోకుండా కాటా మీద పెట్టరు. చింతపండైనా, కరక్కాయైనా, ఆఖరికి కుంకుడుకాయ కూడా నాలిక్కి ఆనించి ఉమ్మేస్తారు. అది చూసే కదా మన తెలుగోళ్ళ క్యాంపు క్యాంపంతా మీ దగ్గరకి వస్తాది. ఇది తాగి చూసేరా?"

సూర్యప్రకాష్ బావ ముఖం వైపు చూశాడు.

"నాకిచ్చే ముందు, ఒక్కసారైనా తాగి చూసేరా?"

గణపతిరావు తల అడ్డంగా ఊపాడు.

"తాగే ఉంటారనుకున్నాను" అంది ఆమె. "రోజూ ఆ చేదు మింగేటప్పుడు, ఈ మనిషి తాగే ఇచ్చేడు కదా, నేను తాగలేనా అనుకునేదాన్ని."

గణపతిరావు వంటింట్లోకి వెళ్ళాడు. నిన్న ఆమె పడిపోకముందు కాచిన కషాయం గిన్నెలో అలాగే ఉంది, పైన కంచం మూతతో. ఆకు అడుగుకి దిగి నల్లబడింది. గ్లాసు వెతకలేదు. గరిటెతో ముంచి నోట్లో పోసుకున్నాడు.

మింగుదామనే పోసుకున్నాడు. గొంతు దిగలేదు. చేదు అనడానికి కూడా లేదు, నాలుక మొద్దుబారి, చెవుల వెనక నుంచి చెమట పట్టింది. సింకులోకి ఉమ్మేశాడు. పుక్కిలించాడు. మళ్ళీ పుక్కిలించాడు. కుళాయి పట్టుకుని వంగి నిలబడ్డాడు.

ఒక్క గుక్క. ఆమె రోజూ నిండు గ్లాసు తాగింది.

వెనక్కి తిరిగేసరికి జ్యోతి వంటింటి గుమ్మంలో ఉంది. అంతా చూసింది. తువ్వాలు తలకి బిగించి కట్టుకుంది.

"ప్రకాషూ" అని తమ్ముణ్ణి పిలిచింది. "కారు తియ్యి."

గణపతిరావు మొహం తుడుచుకుని చెప్పుల కోసం వెతికాడు.

"మీరొద్దు."

"నేను రాకపోతే ఎలాగ? సంతకాలుంటాయి, డాక్టరమ్మతో మాట్లాడాలి..."

"నేను మాట్లాడతాను. నాకు నోరుంది. మీ మాట మీద తాగేను. ఇప్పుడు మీ మాట మీద మానను. ఆవిడ్నే అడుగుతాను, నేనే అడుగుతాను, నాకు తెలిసేదాకా అడుగుతాను. అప్పుడు చెప్తాను సూది పొడిపించుకుంటానో లేదో. పొడిపించుకోకుండా వెనక్కి వచ్చేస్తే మాత్రం నన్ను ఎవరూ ఏమీ అనకూడదు."

"జ్యోతీ..."

"మీరు ఇంట్లో ఉండండి."

గోడ పట్టుకుని సందులోకి దిగింది. ఛాయ పరుగున వచ్చి చెయ్యి అందించింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుంది. కారు సందు మలుపు తిరిగేదాకా ఆమె తల వెనక అద్దంలోంచి కనిపించింది. ఇటు తిరగలేదు.

గణపతిరావు డబ్బాల్లో మిగిలిన మొక్కల్ని తనే పీకాడు. కుప్ప మీద వేశాడు. గిన్నెడు కషాయం కాలవలో ఒంపాడు. ఇంకా ఏం చెయ్యాలో తోచక షట్టరు ఎత్తి దుకాణంలో కూర్చున్నాడు.

మధ్యాహ్నం దాటాక పోలమ్మ వచ్చింది. రెండు సందుల అవతల ఉంటుంది. ఆమె మొగుడు చినబాబు కోక్ ఒవెన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. దవడలో కేన్సరు. ఆరు వారాల కింద గణపతిరావే ఆమెని పిలిచి మరీ ఎండుటాకు పొట్లం చేతిలో పెట్టాడు. జ్యోతి గడ్డ కరిగిన సంబరంలో ఉన్నాడప్పుడు. పైసా తీసుకోలేదు. ఊరికే ఇచ్చిన సరుకుని జనం రెట్టింపు నమ్ముతారని తెలిసిన మనిషి.

"గణపతన్నా, ఆకు అయిపోనాది. ఇంకొంచెం ఎట్టు."

"లేదు పోలమ్మా. ఆ ఆకు ఇంక ఇవ్వను. చినబాబుని ఆసుపత్రికి తీసుకెళ్ళు."

"ఆసుపత్రి మానీసినాం కదన్నా."

"మానేసేరా? ఎప్పుడు?"

"నువ్వు ఆకిచ్చిన కాడ్నించీ. ఒకటే సరుకన్నావు కదా. మరి రెండెందుకని ఆడు ఎల్లనన్నాడు."

గణపతిరావు లేచి నిలబడ్డాడు.  తను భార్యకి చెప్పిన మాట గోడ దాటి, సందు దాటి, ఇంకో ఇంట్లో ఇంకో మనిషిని మంచాన పడేసి కూర్చుంది.

"నేను తప్పు చెప్పేను" అన్నాడు. ఆ రోజు రెండోసారి. "అది మందు కాదు. జ్యోతి పడిపోయింది అది తాగే. ఇవాళ రాయపూర్ తీసుకెళ్ళేరు."

పోలమ్మ అతని వైపు కాసేపు చూసింది. తర్వాత దుకాణంలో బస్తాల వైపు చూసింది. ఆమె కళ్ళలో ఏదో గట్టిపడింది.

"సరుకు తక్కువైందా అన్నా?"

"ఏటి?"

"వదినమ్మకి సరిపోదని దాచుకుంటన్నావా? సెప్పు, తప్పేం నేదు. నీ పెళ్ళాం నీకు ముందు. కొంచెమే ఎట్టు."

"దాచడమేంటే! నిజం చెప్తన్నాను."

"ఊరికే వద్దులే. దరెంతో సెప్పు, ఇస్తాను. ఇదిగో ఈ గాజు..."

"పోలమ్మా! తియ్యి, ముందు ఆ గాజు వేసుకో. సరుకు ఉండి లేదనడం కాదిది."

"ఉల్లిపాయలు దాచుకుని లేవన్నప్పుడు కూడా ఇలాగే అంటారు సేట్లు" అంది పోలమ్మ. గిరుక్కున తిరిగి దుకాణం దిగింది. సందు చివర కుప్ప మీద గులాబి పూలు చూసింది. పరుగెత్తింది. వాడిపోతున్న మొక్కల్ని వేళ్ళూ మట్టీ అన్నీ కలిపి పైటలో కుక్కుకోవడం మొదలుపెట్టింది.

గణపతిరావు చెప్పులు లేకుండానే వెళ్ళి ఆమె చేతుల్లోంచి లాగాడు. ఆమె వదల్లేదు. కొమ్మలు విరిగి పాలు కారాయి. పక్కింటి వాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు.

"పారేసుకుంటావు గానీ ఇవ్వవా? ఒదులన్నా! ఆడు సచ్చిపోతాడు, ఒదులు!"

"ఇది తాగితేనే చస్తాడు!"

"నీ పెళ్ళాం సచ్చిందా?"

అతని చేతులు సడలిపోయాయి.

అప్పుడే జేబులో ఫోను మోగింది. ఛాయ నంబరు. ఎత్తితే జ్యోతి గొంతు, అలసటతో బరువుగా.

"ఇవాళ సూది లేదు. కణాలు తక్కువున్నాయంట, అవి లేస్తే గానీ ఇవ్వరంట. పడుకోబెట్టేరు. ఏటా గోల? ఎవరు అరుస్తన్నారు?"

గణపతిరావు చెప్పాడు. దాచకుండా, చేతులు తిప్పకుండా చెప్పాడు. ఆకు ఎప్పుడిచ్చాడో, ఏమని ఇచ్చాడో, చినబాబు ఆసుపత్రి ఎందుకు మానేశాడో.  

"ఇంకెవరికైనా ఇచ్చేరా?"

"లేదు. ఈవిడకే."

"దానికియ్యండి ఫోను."

పోలమ్మ పైట ఒక చేత్తో పట్టుకునే ఫోను చెవికి ఆనించుకుంది. "ఆఁ వదినా... ఆఁ... ఇక్కడే... నెల దాటింది... నేదు, ఆడికి మింగుడే పడతన్నేదు... ఆఁ."

ఫోనులో జ్యోతి ఏం చెబుతోందో గణపతిరావుకి వినబడదు. సూది ఒప్పుకుందో లేదో అతనికి చెప్పనే లేదు. ఇప్పుడు తెలుసుకోవాలంటే పోలమ్మ మొహమే దారి. ఆ మొహంలో ఏమీ కనిపించడం లేదు.

"మరి నీ గెడ్డ ఏటి కరిగించింది వదినా?" అని అడిగింది పోలమ్మ.

ఆ తర్వాత చాలాసేపు వింది. వింటూ వింటూ కుప్ప పక్కనే కూర్చుండిపోయింది. చివరికి ఫోను అతనికి ఇచ్చేసింది. అటు వైపు అప్పటికే ఫోను పెట్టేశారు.

"ఏటంది?"

"తెల్దంట."

"ఏటి తెలీదు?"

"గెడ్డని ఏటి కరిగించిందో తనకి తెల్దంట. డాక్టరమ్మ సూదే అందంట. నమ్మినావా వదినా అని అడిగినాను. సగం నమ్మినానంది. ఆ సగంతోనే ఉండిపోతన్నానంది, కణాలు లేస్తే పొడిపించుకుంటానంది." పోలమ్మ ముక్కు చీదుకుంది. "రేపు ప్రకాష్ బాబు కారు పంపుతాదంట. ఆడ్ని తీసుకుని నన్ను రమ్మంది. పక్కన మన క్యాంపు మనిసుంటే దైర్నంగా ఉంటాదంట."

"వస్తాడా చినబాబు?"

"ఆడ్నడగాల." ఆమె పైట విదిలించింది. మొక్కలు కుప్ప మీద పడ్డాయి. ఒక కొమ్మ మాత్రం కొంగు ముడిలో చిక్కుకుని ఉండిపోయింది. దాన్ని తీసిందో, అలాగే ఉంచుకుందో అతనికి తెలియలేదు. "నిన్ను మాత్రం ఆడికి ఏటీ సెప్పొద్దంది వదిన. నేనే సెప్పుకోవాలంట."

పోలమ్మ సందు మలుపు దాటింది. గణపతిరావు మట్టిచేతులతో అక్కడే నిలబడ్డాడు.

ఆ రోజుకి దక్కినవి ఇవి: ఆసుపత్రి మంచం మీద సగం నమ్మకంతో పడుకున్న భార్య, రేపటి కారులో ఎక్కుతాడో లేదో తెలియని ఇంకొక మనిషి. రెండిటికీ అతని మాట అడ్డం రాకుండా ఉంటేనే అవి నిలుస్తాయి.